తోకమాట

క్లియరెన్స్ చెప్పడానికి ఆమెకు ఇరవై ఆరు సెకన్లు పడుతుంది. మిగతా వాళ్ళకు పంతొమ్మిది. ఆ ఏడు సెకన్ల మీదే టవర్లో పంచాయితీ అంతా.

విమానం కదలకముందే పైలట్‌కు రేడియోలో చెప్పే మాట అది. ఏ దారిన వెళ్ళాలి, మొదట ఎంత ఎత్తుకు ఎక్కి ఆగాలి, రాడార్ తెర మీద తనను గుర్తుపట్టడానికి ఏ నంబరు పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక చివర ఇంకో వాక్యం ఉంటుంది: "టేకాఫ్ అయిన పది నిమిషాలకు పదివేల అడుగులు ఆశించండి." రేడియో బాగున్నంతసేపూ ఆ వాక్యంతో ఎవరికీ పనిలేదు. మబ్బులో ఉండగా రేడియో చచ్చిపోతే మాత్రం పైలట్‌కు మిగిలేది అదొక్కటే. పది నిమిషాలు మొదట ఆగమన్న నాలుగు వేల అడుగుల దగ్గరే ఉంటాడు. పదో నిమిషం నిండగానే ఎవరినీ అడక్కుండా పదివేలకు ఎక్కుతాడు. ఆ సంగతి కింద కూర్చున్న వాళ్ళకూ తెలుసు కాబట్టి ఆ వేళకు దారి ఖాళీ చేసి పెడతారు.

టవర్లో ఆ వాక్యాన్ని తోక అంటారు. రాడార్ గది వాళ్ళు మూడు నాలుగు నిమిషాల్లోనే విమానాన్ని పైకి పంపించేస్తారు గనక పదో నిమిషం దాకా ఆగే అవసరం ఎవరికీ రాదు. అందుకని ఒక్కొక్కరే తోక కోసేశారు. ఆమె మాత్రం తొమ్మిదేళ్ళుగా వచ్చిన ప్రతి విమానానికీ తోకతో సహా చెబుతోంది. దాంతో తోకమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు, కొన్నాళ్ళకు ఆమె కూడా పలకడం మొదలుపెట్టింది.

బుధవారం పొద్దున ఏడింటికి షిఫ్ట్ ఇన్‌చార్జి కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ తెరిచి బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా షిఫ్టు సర్దుతాడు. పైవాళ్ళు ఆలస్యాల గురించి అడిగిన వారం మాత్రం ఆయనకు ఎవరి మొహమూ కనిపించదు.

"చూడు తల్లీ, పోయిన నెల పొద్దుటి ఆలస్యాలన్నీ నీ కుర్చీ దగ్గరే మొదలయ్యాయట. నేనన్న మాట కాదిది. గీత గీసి మరీ చూపించారు."

"రూల్సు పుస్తకంలో ఉంది కదండీ," అందామె.

"పుస్తకంలో చాలా ఉంటాయి. ఆర్డరు మారుతోంది. కాగితం దారిలో ఉంది. ఈలోపు నువ్వు తోక కోసెయ్."

"కాగితం వచ్చాక కోస్తాను."

"శుక్రవారం నీ ఫైలు నా బల్ల మీదికొస్తుంది," అన్నాడాయన, గొంతు ఏమాత్రం పెంచకుండా.

ఆ ఫైలు రాడార్ గదికి మార్చమని ఆమె పెట్టుకున్న అర్జీది. మూడేళ్ళ నాటిది. టవర్లో కూర్చుని బయల్దేరే వాళ్ళకు క్లియరెన్స్ చదవడం ఒక మెట్టు, కింద చీకటి గదిలో తెర ముందు కూర్చుని ఆకాశంలో ఉన్న వాళ్ళను నడిపించడం ఇంకో మెట్టు. ఆమె తర్వాత చేరిన ముగ్గురు ఆ మెట్టు దిగేశారు. ఇక్కడ దిగడమంటే ఎక్కడమే. ఈసారి ఫైలు వెనక్కొస్తే మళ్ళీ పెట్టుకోవడానికి వయసు దాటిపోతుంది.

ఆమె పెన్సిలు చెక్కుకుంది. విమానాల వివరాలు అచ్చయిన కాగితప్పట్టీలను సర్దుకుంది. మొదటి విమానానికి తోక లేకుండా చెప్పింది. రెండోదానికీ అంతే. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టయింది కానీ పడలేదు.

"పంతొమ్మిది," అన్నాడు ఇన్‌చార్జి సంతోషంగా.

ఏడూ నలభైకి ముసలి కెప్టెన్ పిలిచాడు. రెండింజన్ల చిన్న సరుకు విమానం ఆయనది, మందులూ టపా మోస్తుంది. ఆయనొక్కడే నడుపుతాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారం నుంచి ఆ గొంతు వింటోంది గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు. రేడియోలో అనకూడదని తెలిసీ ఆయన ఆమెను "అమ్మాయ్" అంటాడు.

"చెప్పు అమ్మాయ్, రాసుకుంటున్నా."

ఆమె దారి చెప్పింది, నాలుగు వేలు చెప్పింది, నంబరు చెప్పింది. నాలుక తోక మీదికి పోబోతుంటే మైకు బొత్తాం మీంచి బొటనవేలు తీసేసింది. ఆయన విన్నదాన్ని తిరిగి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఇంకెవరో పైలట్ అదే క్షణాన బొత్తాం నొక్కడంతో రెండు గొంతులూ కలిసి హెడ్‌సెట్లో కీచుమంది. ఆ కీచు తగ్గేసరికి ఆయన చదవడం అయిపోయింది.

మళ్ళీ చదవమనాలి. అది ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు, కొత్తగా చేరిన వాళ్ళకు ఆమే నేర్పుతుంది. బల్ల మీద ఫోన్లో అంకెలు పరుగెడుతున్నాయి.

"కరెక్ట్," అంది.

"పద్దెనిమిది!" ఇన్‌చార్జి ఫోను జేబులో వేసుకుని లేచాడు. "చూశావా, ఎంత హాయిగా ఉందో. టీ పంపిస్తానుండు."

ఏడూ యాభై రెండుకు ముసలి కెప్టెన్ విమానం పైకి లేచి మబ్బులోకి పోయింది. కొండల మీద మబ్బు బాగా దిగి ఉంది ఆ రోజు. ఆమె పట్టీ మీద వేళ రాసి పక్కకు జరిపింది. మూడు నిమిషాలకు కింది నుంచి ఇంటర్‌కమ్ మోగింది. రాడార్ గదిలో కూర్చున్నవాడు ఆమె కంటే ఆరేళ్ళు చిన్న, ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు.

"అక్కా, మీ ముసలాయన పలకట్లేదు. నీ ఛానెల్లోగాని ఉండిపోయాడా?"

ఆమె మూడుసార్లు పిలిచింది. జవాబు లేదు. ఇంకో రెండు నిమిషాలకు పైన గోడకున్న చిన్న తెర మీద ఆయన చుక్క పక్కన నంబరు మారింది: ఏడు, ఆరు, సున్నా, సున్నా. రేడియో పోయిందని నోరు లేకుండా చెప్పే నంబరది. అది కనపడగానే అందరికీ ఊపిరి వచ్చింది. మనిషి బాగానే ఉన్నాడు, విమానం బాగానే ఉంది, మాటే లేదు. తోక చెప్పని విమానం, రేడియో పోతే, ఇరవై నిమిషాలు ఉన్న ఎత్తులోనే ఉండాలని పుస్తకం. ఇరవై నిమిషాలంటే బోలెడు సమయం.

ఆమె గడియారం వంక చూసింది. ఎనిమిది. ఇంటర్‌కమ్ నొక్కింది.

"ఆయన మీదుగా ఎవరినైనా దింపుతున్నావా?"

"ఆ, ప్రయాణికుల విమానం. నూట అరవై మంది. ఏడు వేలకు దింపుతున్నా."

"పక్కకు తిప్పు."

"ఎందుకు? నువ్వు తోక చెప్పావా?"

"లేదు."

"మరి?"

"ఇంకో రెండు నిమిషాల్లో పైకొస్తాడు."

"తోక చెప్పకుండా ఎందుకొస్తాడక్కా?"

"వస్తాడు. ముందు తిప్పరా!"

కొందరు అడిగి చేస్తారు, కొందరు చేసి అడుగుతారు. అతను రెండో రకం కావడం ఆ పూట నూట అరవై మంది అదృష్టం. ఎనిమిదీ రెండుకు ముసలి కెప్టెన్ చుక్క కింది అంకె కదిలింది. నాలుగు వేలు, నాలుగు వేల రెండొందలు, అయిదు వేలు. పెద్ద విమానం అప్పటికే కుడికి వాలి పక్కకు పోతోంది. రెంటి మధ్య ఉండాల్సినంత ఎడం లేదు, కానీ గుద్దుకునేంత దగ్గరా కాదు. రెండు గంటల తర్వాత ముసలి కెప్టెన్ చేరాల్సిన చోట దిగి, రేడియో పెట్టెలో తీగ కాలిందని చెప్పి, కాఫీ అడిగాడట. పైన ఆమె టీ చల్లారిపోయింది.

*

గురువారం తొమ్మిదింటికి ఆమె వచ్చేసరికి ఇన్‌చార్జి నోటీసు బోర్డు దగ్గర నిలబడి కాగితానికి నాలుగో పిన్ను గుచ్చుతున్నాడు. రాడార్ పనిచేస్తున్నప్పుడు క్లియరెన్స్ చివరి వాక్యం చెప్పనక్కర్లేదనీ, పైలట్లు ఈ మార్పు గమనించాలనీ ఉంది అందులో. కింద సంతకం, సంతకం కింద సోమవారం తేదీ.

"సోమవారమే వచ్చింది. అంటించడం మర్చిపోయాను," అన్నాడాయన ఆమె వైపు తిరక్కుండానే. "విమాన కంపెనీలకు కూడా సోమవారమే పంపించాం. రిజిస్టర్లో ఉంది."

విచారణాధికారి పదింటికి వచ్చాడు. మెల్లగా మాట్లాడే మనిషి, ప్రతి ప్రశ్నకు ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. టేపు వేశారు. తన గొంతు అలా బల్ల మీంచి రావడం ఆమెకెప్పుడూ నచ్చదు. దారి, నాలుగు వేలు, నంబరు. ఆగింది. కెప్టెన్ గొంతు, కీచు. "కరెక్ట్."

"మీరు చివరి వాక్యం చెప్పలేదు. కొత్త ఆర్డరు ప్రకారం చెప్పనక్కర్లేదు," అన్నాడు అధికారి. "బాగానే ఉంది. మరి ఆయన పైకొస్తాడని మీకెలా తెలిసింది?"

ఇన్‌చార్జి ఆమె వంక చూస్తున్నాడు. బెదిరింపేమీ లేదు ఆ చూపులో. పరీక్ష రాస్తున్న కూతురి వంక చూసినట్టు చూస్తున్నాడు.

"అనుమానమొచ్చిందండీ," అంది.

"సమయస్ఫూర్తి," అని రాసుకున్నాడు అధికారి. తర్వాత ఇంకో కాగితం బయటకు తీశాడు. ముసలి కెప్టెన్ మోకాలి మీద పెట్టుకుని రాసుకునే పుస్తకంలోంచి చింపిన పేజీ. ఆమె చెప్పినవన్నీ వరసగా ఉన్నాయి. చివర, అదే పెన్నుతో, అదే దస్తూరీతో: పది నిమిషాలు, పదివేలు.

"మీరు చెప్పారనే అంటున్నాడాయన. స్పష్టంగా విన్నానంటాడు, తిరిగి చదివానంటాడు. టేపు రెండుసార్లు వేయించుకుని విన్నాడు." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "యాభై తొమ్మిదేళ్ళు. లేని మాట వినిపించిందంటే ఊరుకోలేం కదా. రేపు పొద్దున డాక్టర్ల దగ్గరికి పంపుతున్నాం, జ్ఞాపకశక్తి పరీక్షకు. అందాకా లైసెన్సు పక్కన పెట్టాం. తేడా వస్తే ఇక ఇంట్లోనే."

"పాపం, మంచి మనిషి," అన్నాడు ఇన్‌చార్జి. నిజంగానే బాధపడ్డాడు.

ఆమె అప్పుడు చెప్పొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. అధికారి ఫైలు మూసేసి, రేపు శుక్రవారం సంతకం చేద్దురుగాని అన్నాడు. ఆమె సరేనండీ అని లేచింది. బయట రాడార్ గది కుర్రాడు ఎదురుపడి, "అక్కా, నీకు సర్టిఫికెట్ ఇస్తారట. పార్టీ ఎప్పుడు?" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వినందుకు దారంతా తనను తను తిట్టుకుంది.

ఆమె భర్త ఊరి మంచినీళ్ళ పంపుల దగ్గర పనిచేస్తాడు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో తప్ప లోకంలో మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని ఆయన నమ్మకం. సాయంత్రం భోజనాల దగ్గర ఆమె అంతా చెప్పింది, స్టాప్‌వాచ్‌తో సహా.

"నువ్వు అబద్ధం చెప్పలేదు కదా?"

"లేదు."

"అడిగినదానికి జవాబు చెప్పావు."

"చెప్పాను."

"మరి అన్నం ముట్టుకోవేంటి?"

ఆమె పళ్ళెంలో వేలితో గీతలు గీసింది. కాసేపటికి ఆయనే అన్నాడు, "ఫైలు పోతే పోయిందనుకోలేవా?"

"మూడేళ్ళండీ."

"అది నిజమే," అని ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

*

శుక్రవారం పొద్దున వాన పట్టింది. ఆమె ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి కేకేసింది.

"అత్తయ్యా, గొడుగు చూశారా?"

"వేసుకున్నానమ్మా!" లోపలి నుంచి అత్తగారు. "ఇప్పుడే, గోరువెచ్చటి నీళ్ళతో."

భర్త పకపకా నవ్వాడు. "గొడుగు మింగేసింది మా అమ్మ!"

అత్తగారికి చెవులు బాగానే పనిచేస్తాయి. పక్కింట్లో పాత్ర కింద పడితే ఏ పాత్రో చెబుతుంది. కానీ రోజూ ఆ వేళకు ఆ గుమ్మంలోంచి కోడలు అడిగేది ఒకటే మాట, మాత్ర వేసుకున్నారా అని. ఆరేళ్ళుగా అదే. ఆవిడకు ఆ మాటే వినపడింది. ఎవరైనా అడిగితే ఒట్టేసి మరీ చెబుతుంది, కోడలు మాత్ర గురించే అడిగిందని.

ఆమె నవ్వలేదు. రెండో చెప్పు వేసుకుని తడుస్తూనే బస్సెక్కింది.

ఇన్‌చార్జి గదిలో అధికారి కాగితాలు పరిచి కూర్చున్నాడు. వాంగ్మూలం ఒకటిన్నర పేజీ. ఆమె నెమ్మదిగా చదివింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పెన్ను తీసుకుంది.

"ఇందులో కలపాల్సినవి ఉన్నాయండీ."

"ఇప్పుడేం కలుపుతావు తల్లీ," అన్నాడు ఇన్‌చార్జి. ఆయన మోచేతి కింద ఆమె ఫైలుంది. దాన్ని కొంచెం ముందుకు జరిపాడు, ఆమెకు కనపడేలా.

అధికారి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చెప్పండి."

"ఆ ఆర్డరు నేను గురువారం తొమ్మిదింటికి చూశాను, పిన్నులు గుచ్చుతుంటే. బుధవారం బోర్డు మీద ఏమీ లేదు. తోక, అదే, ఆ చివరి వాక్యం వదిలెయ్యమని బుధవారం పొద్దున నోటితో చెప్పారు. స్టాప్‌వాచ్ పెట్టారు."

"ఇంకా?"

"కెప్టెన్ గారు తిరిగి చదివింది నాకు వినపడలేదు. కీచుమంది. మళ్ళీ చదవమనాలి. అనలేదు. వినకుండానే కరెక్ట్ అన్నాను."

అధికారి రాయడం ఆపి ఆమె వంక చూశాడు. "ఇది మీ ఒక్కరి తప్పే అవుతుంది. దీనికి ఆర్డరు కూడా అడ్డం రాదు. తెలుసా?"

"తెలుసండీ." ఆమె పెన్ను మూత తీసింది. భయంగానే ఉంది. "ఆయనకు మతిపోలేదండీ. తొమ్మిదేళ్ళుగా రోజూ ఆ మాట నేనే చెప్పాను. ఆ ఒక్కరోజే చెప్పలేదు. నా గొంతు వినగానే ఆయనకు ఆ మాట కూడా వినపడి ఉంటుంది. పైకొస్తాడని నాకు అందుకే తెలిసింది. నాది అనుమానం కాదు."

ఇన్‌చార్జి ఫైలు తీసి సొరుగులో పెట్టి సొరుగు మూశాడు. ఆమె తను చెప్పిన నాలుగు విషయాలూ తన చేత్తోనే రాసి, కింద సంతకం చేసి, వేళ కూడా వేసింది. పదకొండూ పది.

సోమవారానికి ఉత్తర్వులు వచ్చాయి. ఆమె మూడు నెలలు మైకు ముట్టుకోకూడదు, రికార్డుల గదిలో పనిచెయ్యాలి. ఇన్‌చార్జి ఆర్డరు తేదీ గురించి సంజాయిషీ ఇవ్వాలి. నోటీసు బోర్డు మీద నాలుగు పిన్నులు మిగిలాయి. ముసలి కెప్టెన్ లైసెన్సు ఆయనకు తిరిగిచ్చేయాలి.

*

మంగళవారం మధ్యాహ్నం ఆయన కాగితాలు తీసుకోవడానికి వచ్చాడు. రికార్డుల గది గుమ్మంలో ఆగి లోపలికి తొంగి చూశాడు. పొట్టి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. గొంతును బట్టి ఆమె ఇంకా పొడవైన మనిషిని ఊహించుకుంది.

"నువ్వేనా అమ్మాయ్?"

ఆమె లేచి నిలబడింది. ఆయన థ్యాంక్స్ చెబుతాడనుకుంది. అలా అనుకోలేదని తర్వాత ఎప్పుడైనా ఆమె అంటే నమ్మనక్కర్లేదు.

"కూర్చోండి," అంది.

ఆయన కూర్చోలేదు. "నువ్వు రాసింది చదివాను. నీకు నష్టమేనట."

"ఫర్లేదండీ."

"ఒక్కటి అడగనా? బుధవారం నువ్వు బొత్తాం వదిలేసరికే నీకు తెలుసు కదా, చెప్పలేదని."

"తెలుసండీ."

"నన్ను పరీక్షకు పంపుతున్నారని గురువారమే నీకు తెలుసు కూడా."

"తెలుసు."

"గురువారమే చెప్పి ఉండొచ్చుగా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది. రికార్డుల అలమారా తలుపు తెరిచి ఉంటే దాన్ని వేసింది. "చెప్పి ఉండొచ్చు," అంది.

ఆయన తలాడించాడు. "శుక్రవారం పొద్దున డాక్టరమ్మ అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంది. నాలుగే చెప్పాను. అయిదోది ఇంకా గుర్తు రాలేదు. అందరికీ ఒకటో రెండో పోతాయి లెండి అంది ఆవిడ. కావచ్చు. అంతకుముందు నన్నెవరూ అడగలేదు కాబట్టి నాకూ తెలీదు."

"ఇప్పుడు లైసెన్సు వచ్చేసింది కదండీ."

"వచ్చింది." కవరు ఎత్తి చూపించాడు. "ముప్పై ఏళ్ళుగా మా ఆవిడ పడుకునే ముందు 'గ్యాస్ కట్టేశారా' అని అడుగుతుంది. 'కట్టేశా' అంటాను. అటు తిరిగి నిద్రపోతుంది. గురువారం నుంచి అడగడం మానేసింది. నేను పడుకున్నాననుకున్నాక తనే లేచి వెళ్ళి చూసొస్తోంది."

"ఆవిడకు చెప్పండి. మీ తప్పేం లేదని ఉత్తర్వు ఇచ్చారు కదా, చూపించండి."

"నిన్న కంపెనీ వాళ్ళు ఫోన్లో పంపితే చూపించాను. రెండుసార్లు చదివింది. ఏడ్చింది, సంతోషంతోనే." ఆయన కవరును మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. "తర్వాత లేచి వెళ్ళి గ్యాస్ చూసొచ్చింది."